మానని పుండుకు ఏ మందు మేలు?

కాలి మీద చిన్న పొక్కు లేస్తుంది. కొద్ది రోజుల్లోనే అది పగిలి పెద్ద పుండవుతుంది. అంచులు ఊదారంగుకు తిరుగుతాయి, నొప్పి నిద్ర పట్టనివ్వదు. షుగరు పుండేమోనని కోసి శుభ్రం చేయిస్తే మానకపోగా ఇంకా విస్తరిస్తుంది. అరుదైన ఈ జబ్బు పేరు పయోడెర్మా గ్యాంగ్రినోజమ్.

పేరు చూసి భయపడనక్కరలేదు. ఇది గ్యాంగ్రీన్ కాదు, అంటువ్యాధీ కాదు. శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత చర్మాన్నే దెబ్బతీయడం వల్ల వస్తుంది. సుమారు సగం మందిలో పేగుల వాపు, కీళ్లవాతం, రక్త సంబంధమైన జబ్బు వంటివి కూడా ఉంటాయి. దీన్ని నిర్ధారించే ఒకే ఒక్క పరీక్ష లేదు. పుండు అంచు నుండి చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇతర కారణాలు లేవని తేల్చుకోవాలి.

పుండు చిన్నదైతే పైపూత మందుతోనే మానవచ్చు. పెద్దదైతే ఎక్కువగా వాడేవి రెండు: ప్రెడ్నిసొలోన్, సైక్లోస్పోరిన్. ఈ రెండింటినీ బ్రిటన్‌లో 121 మంది రోగులపై పోల్చి చూసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. పుండు మానే వేగంలో తేడా కనబడలేదు. ఆరు నెలలకు రెండు వర్గాల్లోనూ నూటికి 47 మందికే పూర్తిగా మానింది. మానినవారిలో సుమారు మూడో వంతు మందికి మళ్లీ వచ్చింది.

మరి దేన్ని ఎంచుకోవాలి? అది రోగి ఒంటి తీరును బట్టి ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ చవక. కానీ షుగరు పెంచుతుంది, ఎముకలను బలహీనపరుస్తుంది, ఇన్ఫెక్షన్లకు దారితీయవచ్చు. సైక్లోస్పోరిన్ ఖరీదు. అది రక్తపోటు పెంచుతుంది, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అందుకే షుగరు ఉన్నవారికి ఒకటి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరొకటి ఇబ్బంది. ఈ రెండూ పనిచేయకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటికి ముందు క్షయ లేదని పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ప్రెడ్నిసొలోన్ వారాల తరబడి వాడినవారు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. రమజాన్‌లో ఉపవాసం ఉండాలనుకునేవారు నెల మొదలుకాక ముందే డాక్టరును అడగాలి.

సాయం చేసే పెద్దలకు ఒక మనవి. మాత్రల ఖర్చొక్కటే ఇస్తే సరిపోదు. షుగరు, బీపీ, క్రియాటినిన్ పరీక్షలకు, తిరుపతికో రాయవేలూరుకో పోయివచ్చే బస్సు చార్జీలకు కూడా డబ్బు కావాలి. ఆ పరీక్షలు తప్పిపోతే మేలు చేయాల్సిన మందే కీడు చేస్తుంది. మీకు తెలిసిన ఎవరికైనా పుండు రోజురోజుకూ పెరుగుతుంటే, కోత పెట్టించకముందే ఒక్కసారి చర్మ వైద్యునికి చూపించండి.