ఆటల కంప్యూటరు: భాగముల నేరుకొనుట

2024 వేసవి సెలవులకు ముందు మా విద్యార్థి యొకడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చి, నాలుగు మడతల కాగిత మొకటి మా చేతి కిచ్చెను. అందులో ఆటల కంప్యూటరునకు వలయు భాగములును, వాని కెదురుగా ధరలును చక్కని దస్తూరితో వ్రాయబడి యుండెను. మొత్తము డెబ్బదియైదు వేల రూపాయలు. తండ్రి మదనపల్లె ప్రాంతమునుండి బెంగుళూరు వచ్చి చిన్న చిల్లర అంగడి నడుపుకొనువాడు. "అయ్యవారూ, మూడేండ్లు కూడబెట్టిన దుడ్డు ఇది. పిల్లోడికి మాట ఇచ్చినాను. ఈ లెక్క సరిగ్గా ఉందో లేదో మీరే చూసి చెప్పండి" అని యాయన యనెను. మేము తెలుగు చెప్పువారమే గాని యంత్రవిద్య చదివినవారము కాము. అయినను మా యింటి కొక కంప్యూటరు కూర్చుకొని, దానిని చెడగొట్టుకొని నేర్చుకొన్నది కొంత గలదు గనుక సరే యంటిమి.

ఆ పట్టికలో ప్రాసెసరు మిక్కిలి ఖరీదైనది. దానిని చల్లబరచుటకు నీటి గొట్టముల యమరిక, రంగురంగుల దీపములు గల పంకాలు ఆరు, అద్దాల క్యాబినెట్టు. గ్రాఫిక్సు కార్డు మాత్రము ఏడెనిమిదేండ్ల నాటిది. కరెంటును తగిన రీతిగా మార్చి భాగముల కన్నింటికి పంచు ఎస్.ఎం.పి.ఎస్. కెదురుగా "క్యాబినెట్టుతో ఉచితం" అని యుండెను. పెండ్లిపందిరి ఘనముగా వేయించి వంటవానికి డబ్బు లేదన్నట్లున్న దీ లెక్క.

ఇట్టి పట్టికను ప్రాసెసరునుండి మొదలు పెట్టరాదు, తెరనుండి మొదలు పెట్టవలెనని మా యభిప్రాయము. సాధారణమైన తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్క లుండును. హెచ్చించి చూడుడు: 20,73,600. దానికి పై మెట్టుది 2560, 1440 చుక్కల తెర, దానిలో 36,86,400. ఇక "నాలుగు కె" యని పిలువబడు తెరలో 82,94,400, అనగా మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. ఆట నడచుచుండగా ఈ చుక్క లన్నిటికి సెకనునకు అరువది మారులు రంగు నిర్ణయింపవలెను. చిన్న తెరకే సెకనునకు పండ్రెండు కోట్లకు పైబడిన చుక్కలు! తెర పెద్దదైన కొలది పని పెరుగును, పని పెరిగిన కొలది ధర పెరుగును. డెబ్బదియైదు వేలలో మొదటి తెరయే తగినదని నిశ్చయించితిమి. బాలుని ముఖము కొంచెము చిన్నబోయెను.

ఈ చుక్కల పని చేయునది గ్రాఫిక్సు కార్డు. 2023 జూన్‌లో వెలువడిన జీఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 4060 అను కార్డులో 3072 చిన్న గణన విభాగము లున్నవి. రైజెన్ 5 5600 అను ప్రాసెసరులో నున్నవి ఆరే. దీనినిబట్టి ప్రాసెసరు తక్కువ దనుకొనరాదు. ఆరుగురు గణితపండితులు ఎంత చిక్కులెక్కనైనను విప్పగలరు, కాని మూడువేల మడులలో ఒక్క పూటలో నాట్లు వేయవలెనన్న మూడువేల మంది కూలీలే కావలెను. ఆటలో శత్రువు ఎటు కదలవలెనో, బంతి ఎట్లు ఎగురవలెనో చెప్పునది ప్రాసెసరు. దానిని తెరపై చిత్రించునది కార్డు. ఒకటి మిక్కిలి గొప్పదై రెండవది హీనమైనచో గొప్పది చేతులు కట్టుకొని కూర్చుండును. బాలుని పట్టికలో జరుగబోవునది యదియే. తెర ఖరీదు తీసివేయగా మిగిలిన సొమ్ములో మూడవ వంతు మొదలు నూటికి నలుబది పాళ్ల వరకు కార్డునకు వెచ్చించుట ఆటల కంప్యూటరునకు న్యాయము. కావున నీటి గొట్టములు, దీపములు కొట్టివేసి, ఆరు విభాగముల ప్రాసెసరు నుంచి, ఆ మిగులును కార్డునకు మరల్చితిమి. 5600 తో దానిని చల్లబరచు పంకా డబ్బాలోనే వచ్చును, అది చాలును.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. విషయమున కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. కొన్నేండ్ల క్రిందట మేము కొన్న కంప్యూటరులో అది క్యాబినెట్టుతో ఊరక వచ్చినదే. ఎక్కడ కొంటిమో చెప్పము. పది నెలలు బాగుగనే నడచెను. ఒక వానకాలపు సాయంకాలమున కరెంటు పోయి వచ్చినంతనే టప్పుమను శబ్దము, కాలిన వాసన. పోయినది ఆ పెట్టె యొక్కటే యైన బాగుండును. మదర్‌బోర్డును కూడ తనతో తీసికొనిపోయెను. మిగిల్చిన రెండు మూడు వేలకు బదులు తొమ్మిది వేలు పెట్టితిమి, పిల్లల ప్రశ్నపత్రములు కొన్ని పోగొట్టుకొంటిమి. ఆనాటినుండి పట్టిక యేది చూచినను మా కన్ను ముందుగా ఆ పంక్తిమీదనే పడును.

అట్లని పెద్ద అంకె చూచి మోసపోరాదు. పైన చెప్పిన కార్డు 115 వాట్లు, ప్రాసెసరు 65 వాట్లు. మదర్‌బోర్డు, పంకాలు, డిస్కు మొదలగువానికి ఉదారముగా మరి డెబ్బది వేసికొన్నను మొత్తము 250. ఆ కార్డు చేసినవారే 550 వాట్ల పెట్టె చాలునని చెప్పిరి. ఊరు పేరు లేని 850 వాట్ల దానికంటె పేరున్న సంస్థవారి 550 వాట్లది మేలు. "80 ప్లస్" అను ముద్ర యుండినచో కరెంటు వృథా తక్కువని మాత్రమే యర్థము. అది రక్షణకు హామీ కాదు. ఎక్కువ కరెంటు ప్రవహించినపుడును, తీగలు కలిసినపుడును తానే ఆగిపోవు ఏర్పాటు గలదో లేదో వేరుగా అడిగి తెలిసికొనవలెను.

ఆ శనివారము ముగ్గురము కలిసి టౌన్ హాలునకు దగ్గరలోని సదర్ పత్రప్ప రోడ్డునకు పోతిమి. నగరమున అందరు ఎస్.పి. రోడ్డను ఆ యిరుకు వీధిలో తీగ మొదలు తెర వరకు దొరకని భాగము లేదు. కన్నడము, హిందీ, తమిళము, మన తెలుగు కూడ అచట చెల్లును. ఒక్క అంగడిలో ధర విని కొనరాదు; నాలుగిటిలో నడిగి, ధరలు కాగితముపై వ్రాయించుకొని, పిమ్మట మొదటి దానికి తిరిగి రావలెను. ఆ తండ్రి వర్తకుడగుటచే బేరము మాకు నేర్పవలసి వచ్చినది లేదు. అయితే ఒకచోట బిల్లు లేకున్నచో పదునెనిమిది పాళ్ల పన్ను తగ్గునని చెప్పగా ఆయన మనసు ఊగిసలాడెను. మేము వలదంటిమి. గ్రాఫిక్సు కార్డునకు సాధారణముగా మూడేండ్ల వారంటీ యుండును, బిల్లు లేనిదే దానిని నిరూపించుట కష్టము. వాడిన కార్డు లేవో కారుచౌకగా చూపిరి. 2022 సెప్టెంబరు వరకు ఈథీరియమను డిజిటలు నాణెమును సంపాదించుటకై రేయింబవళ్లు నడిపిన కార్డులు పెక్కు ఆ పిమ్మట అంగళ్ల కెక్కినవి. అన్నియు చెడ్డవి కావు, కాని మంచిదానిని గుర్తించు విద్య మాకు లేదు.

మదర్‌బోర్డు కొనునపుడు బాలుడే మమ్ము సరిదిద్దెను. మేము చేత బట్టిన ర్యాము డి.డి.ఆర్. 5 రకము, 5600 ను పట్టు ఎ.ఎం. 4 బోర్డునకు డి.డి.ఆర్. 4 కావలెను. ఒకదాని గాడి రెండవదానికి సరిపడదు. అదియు పదునారు జీబీల ముక్క ఒక్కటి గాక, ఎనిమిదేసి జీబీలవి రెండు కొనవలెను. అపుడు రెండు దారులలో ఒకేసారి రాకపోకలు జరుగును.

ఎ.ఎం. 4 పద్ధతి 2016 నాటిది, ఎ.ఎం. 5 వచ్చినది 2022లో. సొమ్ము మరి పది వేలున్నచో రెండవదే కొనుమందుము, మున్ముందు ప్రాసెసరు మార్చుకొన వీలుండును. లేని సొమ్మునకు అప్పు చేయుమని చెప్పము. పై పేర్లు 2024 నాటివి. 2025లో ఆర్.టి.ఎక్స్. 5060 వచ్చినది. ఆ సంవత్సరాంతమున కృత్రిమమేధకై పెద్ద పెద్ద సంస్థలు జ్ఞాపకపు చిప్పులను ఎగబడి కొనుటచే ర్యాము ధర ప్రపంచమంతట మండిపోయెను. కావున మా ధరలను గాక మా లెక్క వేసిన తీరును గైకొనుడు. ఈ చిప్పుల రూపకల్పన కొంత మన యూరనే జరుగుచున్నది. ఏ.ఎం.డి. సంస్థ తన రూపకల్పన కేంద్రములలోకెల్ల పెద్దదానిని 2023 నవంబరులో బెంగుళూరుననే తెరచెను. మన పిల్లలు ఆటలాడుటతో ఆగనక్కర లేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి తండ్రి ఫోను చేసెను. "అయ్యవారూ, పెట్టె తిరుగుతా ఉంది గానీ తెర నల్లగానే ఉంది. దుడ్డంతా పోయినట్టేనా?" ఆయన గొంతు వణకుచుండెను. తెర తీగను ఎక్కడ గుచ్చితివని బాలు నడిగితిమి. పైభాగమున, మదర్‌బోర్డు రంధ్రములోనట. ఆ ప్రాసెసరునకు బొమ్మ చూపు శక్తి తనకై లేదు, తీగ క్రిందనున్న కార్డునకే తగిలింపవలెను. అర నిమిషము నిశ్శబ్దము. పిమ్మట ఫోనులో మాకు వినబడినది బాలుని మాట కాదు, తండ్రి నవ్వు.