పాత ఇనుముతో స్టీరింగు చక్రము

మోటారు కారు నడుపువాని చేతిలో ఎల్లప్పుడును ఉండు వస్తువు ఒక్కటే. అది స్టీరింగు చక్రము. తక్కిన యంత్రమంతయు రేకుల క్రిందను, పలకల వెనుకను దాగియుండును. ఈ చక్రమును అంగడిలో కొనక, పాడుపడిన కార్ల భాగములతో స్వయముగా చేసికొనువారు కొందరు కలరు. వారు అమెరికా దేశమున ‘హాట్ రాడ్’ అను బండ్లను నిర్మించువారు.

పాత కారును విప్పి, అక్కరలేని బరువును తొలగించి, ఇంజనుకు బలము చేకూర్చి, మిక్కిలి వేగముగా పోవునట్లు తీర్చిన బండికే హాట్ రాడ్ అని పేరు. 1908 మొదలు 1927 వరకు ఫోర్డు కంపెనీవారు ‘మోడల్ టి’ కార్లను కోటి ఏబది లక్షల వరకు తయారుచేసిరి. కొన్నియేండ్లు గడచునప్పటికి అవి పాత ఇనుప కొట్లలో గుట్టలుగా పడియుండెను. 1932లో ఆ కంపెనీయే ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యులు కొనగల వెలకు అమ్మసాగెను. తేలికయైన పాత కారును, బలమైన క్రొత్త ఇంజనును కాలిఫోర్నియా యువకులు ఒకచోట చేర్చిరి. అది ఆర్థిక మాంద్యపు కాలము. వారి చేత డబ్బు లేదు. తీరికయు, పనిముట్లును మాత్రము ఉన్నవి. మొహావీ ఎడారిలో మ్యూరాక్ అను ఎండిన సరస్సు కలదు. దాని నేల బల్లవలె చదునుగా ఉండును. అచట వారు తమ బండ్ల వేగమును కొలుచుకొనుచుండిరి. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి, ఆ పరుగులకు నియమములను కల్పించెను. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట, అక్కరతీరిన యుద్ధవిమానముల ఆసనములును, నడుము పట్టీలును చౌకగా దొరకగా, అవియు ఈ బండ్లలోనికి ఎక్కినవి.

ఇట్టి బండిలో పాత స్టీరింగు చక్రమే ఉండరాదా యని అడుగవచ్చును. ఉండవచ్చును, కాని బండిని నేలకు దగ్గరగా దించి, పైకప్పును కురుచచేసిన పిదప, నడుపువాడు ఇంచుమించు అడుగు పలక మీదనే కూర్చుండును. అప్పుడు పెద్ద చక్రము తొడలకు తగులును. కావున చిన్న చక్రము కావలసివచ్చును. అయితే చక్రము చిన్నదైనకొలది త్రిప్పుట కష్టమగును. 17 అంగుళముల చక్రమును త్రిప్పుటకు 15 కిలోల బలము చాలినచోట, 15 అంగుళముల చక్రమునకు 17 కిలోల బలము కావలెను. తులాదండ సూత్రము చదివిన విద్యార్థికి ఇందులో వింత లేదు.

ఎద్దుబండి చక్రమునకువలెనే దీనికిని మూడంగములు: నడుమ నాభి, దానినుండి వెడలు ఆకులు, చుట్టును వలయము. వీనిలో నాభిని ఇంటివద్ద క్రొత్తగా చేయుట సులభము కాదు. స్టీరింగు కడ్డీ కొన కొన్ని కార్లలో శంకువువలె సన్నగిల్లి, కీ అను ఉక్కుముక్క కూర్చుండుటకు గాడి కలిగియుండును. కొన్నిటిలో చుట్టును సన్నని పళ్ళుండును. నాభి రంధ్రము దానికి వెండ్రుకవాసి తేడా లేకుండ అమరవలెను. అందుచేత కడ్డీ ఏ కారుదో ఆ కారు పాత చక్రమునే వెదకి తెచ్చి, పైనున్న గట్టి రబ్బరును సుత్తితో రాల్చి, ఆకులను కోసి, నాభిని మాత్రము ఉంచుకొందురు. కంటికి కానరాని బీటలను కనుగొనుటకు దానికి కిరోసిను పూసి, కొంతసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దుదురు. బీట ఉన్నచో లోపల దాగిన కిరోసిను మెల్లగా ఊరి, తెల్లని సుద్దపై సన్నని గీతగా కనిపించును. ఆ గీత కనిపించిన నాభి ఎంత అందమైనదైనను తిరిగి ఇనుప గుట్టకే పోవలెను.

ఆకుల విషయమున తొందరపాటు కూడదు. పాత ఇనుప కొట్టులో లారీ కమాను పట్టీలును, పెద్ద రంపపు రేకులును దొరకును. అవి మిక్కిలి గట్టివి, వంచినను తిరిగి నిలుచునవి. వానినే ఆకులుగా కోసి వెల్డింగు చేసినచో చక్రము ఇంకను బలముగా ఉండునని తోచును. నిజము దీనికి విరుద్ధము. కమాను ఉక్కులో కర్బనము ఎక్కువ. వెల్డింగు మంటకు ఎర్రగా కాగి వెంటనే చల్లారుటచే, అతుకు ప్రక్కనున్న ఉక్కు గాజువలె పెళుసగును. చూచుటకు అతుకు చక్కగానే ఉండును. ఒకనాడు గోతిలో బండి కుదిపినప్పుడు ఆ ప్రక్కన తెగిపోవును. పందెపు కార్ల చక్రములకు కమాను ఉక్కుతో ఆకులు చేయుట కలదు, కాని దానికి తగిన రీతిగా కాచి చల్లార్చు విధానము వేరు. అది ఇంటి కొట్టములో సాగు పని కాదు.

ఏ ముక్క ఏ లోహమో తెలిసికొనుటకు దానిని తిరుగుచున్న సానరాయికి తాకింతురు. పోత ఇనుమునుండి ఎర్రని పొట్టి రవ్వలు రాలును. మెత్తని ఉక్కునుండి పసుపుకలిసిన తెల్లని పొడవైన గీతలు వెడలును. కర్బనము హెచ్చిన ఉక్కు రవ్వలు చివర పూవులవలె చిటిలి విచ్చుకొనును. అందమైన ఆ పూవులే హెచ్చరిక. చక్రపు ఆకులకు మెత్తని ఉక్కు పలకయే తగినది; పాతిక అంగుళపు మందము చాలును. బరువు తగ్గించుటకు ఆకులలో వరుసగా గుండ్రని రంధ్రములు తొలుచుట వారి వేడుక. నాభి పోత ఇనుముదైనచో దానికి వెల్డింగు పనికిరాదు.

వలయమునకు అర అంగుళపు ఉక్కు కడ్డీ వాడుదురు. 15 అంగుళముల వ్యాసమునకు చుట్టుకొలత 47 అంగుళములకు పైచిలుకు. కడ్డీని గుండ్రని కొయ్యదిమ్మ చుట్టును కొంచెము కొంచెముగా వంచవలెను. గొట్టము వాడినచో దానిలో పొడి ఇసుక నింపి, రెండు కొనలను బిగించి వంచుదురు. లేనిచో మడతపడి నొక్కుకొనిపోవును. ఆకులను అతుకునప్పుడు ఒకవైపే పూర్తిగా అతికినచో, వేడికి లోహము ముడుచుకొని వలయము వంకరపోవును. కావున ఎదురెదురుగా చిన్న చిన్న చుక్కల అతుకులు వేసి, కడ్డీకి తగిలించి త్రిప్పి, ప్రక్కన సుద్దముక్కను కదలకుండ నిలిపి పట్టుదురు. ఎక్కడ వలయము బయటికి పొడుచుకొనివచ్చునో అక్కడ సుద్ద గీత పడును. అది సరిచేసిన తరువాతనే నిండు అతుకులు.

పిదప వలయమునకు తొడుగు. పాత బల్లలనుండి తీసిన గట్టి కొయ్యను రెండు వలయములుగా ముక్కలతో కూర్చి, లోపల కడ్డీకి సరిపడు గాడి తొలిచి, పైన ఒకటి క్రింద ఒకటి చేర్చి జిగురుతో అతుకుదురు. పై ముక్కల సందులును క్రింది ముక్కల సందులును ఒకేచోట రాకూడదు. ఇత్తడి రివెట్లు వేసి, వ్రేళ్ళు అమరునట్లు అడుగున నొక్కులు చెక్కి, వార్నీషు పూయుదురు. కొయ్యపని రానివారు పాత ఆసనపు తోలును తడిపి, బిగియలాగి లోపలి అంచున కుట్టుదురు. ఆరినకొలది అది మరింత బిగియును. ఎంత ఓర్పుగలవానికైనను వ్రేళ్ళు నొప్పెట్టు పని యిది.

చక్రము ముగిసిన వెంటనే రోడ్డు ఎక్కరు. ముందుగా నాభిని వైసులో బిగించి, వలయము నొకవైపున పట్టుకొని మనుష్యుడు తన బరువంతయు మోపి లాగి చూచును. ఏ అతుకైనను కదలినచో ఇచటనే కదలవలెను.

పాత కార్లయందు మరియొక అపాయము కలదు. వాని స్టీరింగు కడ్డీ ఇనుప ఈటెవలె సూటిగా నడుపువాని రొమ్మునకు ఎదురుగా నిలిచియుండును. ఎదురు దెబ్బ తగిలినప్పుడు అది వెనుకకు వచ్చి అనేకుల ప్రాణములు తీసినది. అందుచే దెబ్బకు తనలోతాను ముడుచుకొను కడ్డీలను జనరల్ మోటార్స్ వారు 1967 నాటి కార్లలో ప్రవేశపెట్టిరి. 1968 జనవరినుండి అమెరికా ప్రభుత్వము ఈ భద్రతను క్రొత్త కార్లన్నిటికిని విధించెను. నేడు తెలివిగల హాట్ రాడ్ నిర్మాతలు పాత కొట్టునుండియే ఇట్టి కడ్డీని వెదకి తెచ్చుకొందురు. ఇటీవలి కార్ల చక్రము నడుమ గాలిసంచి ఉండును. దానిని ఉబ్బించుటకు లోపల మందుగుండువంటి పదార్థము అమర్చియుందురు. అట్టి చక్రమును ఎంత చౌకగా దొరికినను రంపముతోగాని, ఉలితోగాని తాకరాదు.

ముందరి చక్రములు తిన్నగా ఉన్నప్పుడు ఆకులు సమముగా నిలుచునట్లు చూచి, నాభిని కడ్డీపై దించి, మర బిగింతురు. ఆ మరను కప్పుచు నడుమ హారను బొత్తాము వచ్చును. దానికి మాత్రము నియమమేమియు లేదు. ఎవరికి నచ్చిన పాత కారు బొత్తామును వారు పెట్టుకొందురు.