వెలుగును తిప్పే అయస్కాంతం

అయస్కాంత క్షేత్రంలో ఉంచిన గాజు గుండా, క్షేత్రం సాగే దిశలోనే ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, పంపితే ఆ కాంతి కంపించే తలం కొద్దిగా పక్కకు తిరుగుతుంది. దీనికి ఫారడే భ్రమణం అని పేరు. మామూలు గాజులో తిరిగే కోణం కొద్ది డిగ్రీలే. అయినా ఫైబర్ కేబుళ్ల చివర లేజర్లను కాపాడే ఐసొలేటరు, ఒకప్పటి మినీడిస్కు, సబ్‌స్టేషన్లలో కరెంటు కొలిచే ఫైబర్ చుట్ట ఈ చిన్న మలుపు మీదో, దీని తోబుట్టువు మీదో ఆధారపడి పుట్టినవే. సూత్రం 1845లో బయటపడింది. అది పరికరంగా మారడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ నడుమ చాలా కాలం సరైన పదార్థం దొరకకే గడిచింది.

మొదట దొరికిన పదార్థం వేరే పనికి తయారై, ఆ పనికి కొరగాకుండా మిగిలిపోయినది. దూరదర్శినులకు మేలైన గాజు కావాలని లండన్‌లోని రాయల్ సొసైటీ 1820లలో ఒక సంఘాన్ని వేసింది. గాజును కరిగించి పోసే చాకిరీ మైకేల్ ఫారడే మీద పడింది. సీసం, బోరాన్, సిలికా కలిసిన బరువైన గాజును ఆయన ఏళ్ల తరబడి తయారు చేశాడు. ఆ గాజు దూరదర్శినుల్లోకి ఎక్కలేదు, ముక్కలు మాత్రం ఆయన దగ్గర ఉండిపోయాయి. 1845 సెప్టెంబరు 13న, కాంతికీ అయస్కాంతానికీ సంబంధం ఉందేమో చూద్దామని ఆయన ఒక దీపపు వెలుగును ధ్రువితం చేసి, అవతలి వైపు, ఒక తలపు కాంతినే పోనిచ్చే నికోల్ పట్టకాన్ని వెలుగు పూర్తిగా ఆగిపోయేలా తిప్పి పెట్టాడు. నడుమ, విద్యుదయస్కాంతం పక్కన, ఒక్కో పదార్థాన్నీ ఉంచి చూశాడు. గాలి, ఫ్లింట్ గాజు, స్ఫటికశిల, కాల్సైట్ దేనితోనూ ఏమీ కనిపించలేదు. చివరికి ఆ బరువైన గాజు ముక్కను పెట్టి కరెంటు ఇవ్వగానే దీపం మళ్లీ కనిపించింది. కరెంటు ఆపితే చీకటి. రెండు నెలలు తిరక్కముందే అదే గాజు అయస్కాంత ధ్రువాల నుంచి స్వల్పంగా దూరం జరుగుతుందనీ ఆయన గమనించాడు. డయామాగ్నెటిజం అలా తెలిసింది. పనికిరాదని తేలిన ఒక గాజు రెండు ఆవిష్కరణలకు పుట్టిల్లు కావడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో తరచుగా జరిగే సంగతి కాదు.

కాంతి తలాన్ని తిప్పే పదార్థాలు అంతకుముందూ తెలుసు. చక్కెర ద్రావణం తిప్పుతుంది. చెరకు రసంలో చక్కెర ఎంతో చక్కెర మిల్లుల్లో ఆ మలుపును చూసే కొలుస్తారు. అయితే చక్కెర నీళ్లలో వెళ్లిన కాంతిని అద్దంతో వెనక్కి పంపితే, పోయేటప్పుడు తిరిగిన కోణం వచ్చేటప్పుడు రద్దయిపోతుంది. అయస్కాంతం తిప్పిన కాంతి తీరు వేరు. తిరిగే దిక్కును క్షేత్రపు దిక్కే నిర్ణయిస్తుంది, కాంతి ఎటు పోతున్నదన్న దానితో పనిలేదు. అందుకే వెనక్కి వచ్చేటప్పుడు కోణం రద్దు కాకపోగా రెట్టింపవుతుంది. ఫారడే ఈ గుణాన్ని వెంటనే పట్టుకుని, గాజు చివరల మధ్య కాంతిని పలుమార్లు అటూ ఇటూ పరావర్తనం చేయించి చిన్న కోణాన్ని పెద్దది చేసి చూశాడు. తర్వాత వచ్చిన పరికరాల్లో ఐసొలేటరు పూర్తిగా ఈ గుణం మీదే నడుస్తుంది.

మలుపుకు కారణం కాంతిని రెండుగా విడదీసి చూస్తే తెలుస్తుంది. ఒకే తలంలో కంపించే కాంతిని, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ తిరిగే రెండు వృత్తాకార ధ్రువిత కాంతుల మొత్తంగా భావించవచ్చు. అయస్కాంతీకరణ జరిగిన పదార్థంలో ఈ రెండింటి వేగాలు ఒకటి కావు. ఒకటి వెనకబడటం వల్ల, బయటికొచ్చి కలిసేసరికి తలం పక్కకు జరిగి ఉంటుంది. ఏ పదార్థం ఎంత తిప్పుతుందో చెప్పే స్థిరాంకానికి, 1850లలో కొలతలు చేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్డే పేరు పెట్టారు. 1870లలో గ్లాస్గోలో ఉపాధ్యాయుడు జాన్ కెర్ మరో అడుగు వేశాడు. విద్యుదయస్కాంతపు మెరుగుపెట్టిన ఇనుప ధ్రువం మీద పడి పరావర్తనం చెందిన కాంతిలోనూ తలం తిరుగుతుందని చూపాడు. ఫారడే భ్రమణానికి తోబుట్టువు ఈ కెర్ ప్రభావమే. ఇందులో కోణం ఇంకా చిన్నది, సాధారణంగా ఒక డిగ్రీ కూడా ఉండదు.

1885లో లార్డ్ రేలీ ఒక ఏర్పాటును వర్ణించాడు. రెండు నికోల్ పట్టకాలను ఒకదానికొకటి 45 డిగ్రీల కోణంలో ఉంచి, నడుమ కాంతిని సరిగ్గా 45 డిగ్రీలు తిప్పే పదార్థాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టాలి. మొదటి పట్టకం దాటిన కాంతి 45 డిగ్రీలు తిరిగి, రెండో పట్టకంలోంచి నిరాటంకంగా పోతుంది. వెనక్కి వచ్చే కాంతి అదే దిక్కులో మరో 45 డిగ్రీలు తిరగడంతో మొదటి పట్టకానికి అడ్డంగా, 90 డిగ్రీల్లో చేరి ఆగిపోతుంది. సైకిల్ ట్యూబు వాల్వు గాలిని లోపలికే పోనిచ్చినట్టు ఇది కాంతిని ఒకవైపే పోనిస్తుంది. దీనితో ఉష్ణగతికశాస్త్ర రెండో నియమానికి భంగం రాదా అని జర్మన్ శాస్త్రవేత్త వీన్ సందేహం లేవదీశాడు. ఒక వస్తువు వేడి రెండోదానికి పోయి, రెండోదాని వేడి మొదటిదానికి రాకపోతే నియమం ఏం కావాలి? రేలీ 1901లో జవాబిచ్చాడు. ఆగిన కాంతి మాయమవదు, పట్టకంలోంచి పక్కదారిన బయటపడుతుంది. దాన్నీ లెక్కలో వేసుకుంటే నియమం చెక్కుచెదరదు. సమాధానం బాగానే ఉంది గానీ, అలాంటి వాల్వు అవసరమైన యంత్రమేదీ ఆ రోజుల్లో లేదు.

పదార్థం చిక్కు కూడా అలాగే ఉండిపోయింది. గాజు కాంతిని పోనిస్తుంది, కానీ అయస్కాంతం కాదు. బలమైన క్షేత్రం పెట్టినా కొంచెమే తిప్పుతుంది. ఇనుము బలమైన అయస్కాంతం, మైక్రాన్‌లో చిన్న వంతు మందంలోనే కాంతిని బాగా తిప్పగలదు, కానీ కాంతిని దాటనివ్వదు. అయస్కాంతమూ అయి పారదర్శకమూ అయిన ఘనపదార్థం కావాలి. అది 1956లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో తయారైంది. లూయీ నేల్ నడిపిన అయస్కాంత పరిశోధన కేంద్రంలో బెర్టో, ఫోరా అనే ఇద్దరు ఇట్రియం ఐరన్ గార్నెట్‌ను తయారు చేశారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు గెల్లర్, గిల్లియో కూడా స్వతంత్రంగా దాన్ని చేరుకున్నారు.

గార్నెట్ కుటుంబం తెలుగు నేలకు కొత్తది కాదు. నవరత్నాల్లోని గోమేధికం ఈ కుటుంబానిదే; పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేట ఎర్ర గార్నెట్లు ప్రాచీన కాలం నుంచీ పేరున్నవి. అయితే నేలలో దొరికేవి సిలికేట్లు. గ్రెనోబుల్ పదార్థంలో సిలికా ఉండదు, స్ఫటిక నిర్మాణం మాత్రం అదే. దాని సూత్రంలో మూడు ఇట్రియం, అయిదు ఇనుము, పన్నెండు ఆక్సిజన్. ఆ అయిదు ఇనుప అయాన్లలో మూడు ఒక దిక్కుకు, రెండు ఎదురు దిక్కుకు అయస్కాంతీకరణ చెంది ఉంటాయి. నాలుగూ జతలుగా రద్దవగా ఒక్క అయాన్ బలం మిగులుతుంది. ఇలా పూర్తిగా రద్దుకాని అయస్కాంతత్వాన్ని నేల్ 1948లోనే ఊహించి ఫెర్రిమాగ్నెటిజం అన్నాడు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1958 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డిల్లన్ ఈ స్ఫటికాన్ని పలుచగా అరగదీసి చూస్తే ఎర్రని వెలుగు దాటివచ్చింది. సమీప పరారుణ కాంతికైతే అది దాదాపు గాజులా పారదర్శకం. పైగా గార్నెట్ తనే అయస్కాంతం కావడంతో, దాన్ని సంతృప్త స్థితికి తెచ్చే చిన్న క్షేత్రం చాలు. అంతకు మించి క్షేత్రం పెంచినా కోణం ఇక పెద్దగా పెరగదు.

మొదట దీన్ని రాడార్, మైక్రోవేవ్ పరికరాల వారే వాడుకున్నారు. కాంతి రంగానికి దీని అవసరం ఫైబర్ కమ్యూనికేషన్‌తో వచ్చింది. ఫైబర్ అతుకుల దగ్గర, కనెక్టర్ల దగ్గర కొంత కాంతి వెనక్కి మళ్లుతుంది. అది లేజర్‌లో చొరబడితే లేజర్ తరంగదైర్ఘ్యం, శక్తి ఊగిసలాడతాయి. 1987లో ఎర్బియం ఫైబర్ యాంప్లిఫయర్లు వచ్చాక చిక్కు పెరిగింది. కాంతిని పెంచే ఫైబర్‌కు రెండు పక్కలా పరావర్తనం ఉంటే అది తనంతట తానే లేజర్ అయి కూర్చుంటుంది. రేలీ వాల్వు అప్పుడు ఐసొలేటరు పేరుతో అక్కరకొచ్చింది. ఫైబర్ వాడే 1.55 మైక్రాన్ల కాంతిని గాజుతో 45 డిగ్రీలు తిప్పాలంటే ఒక టెస్లా క్షేత్రంలో కూడా పదుల సెంటీమీటర్లకు తక్కువ కాని పొడవు కావాలి. ఇట్రియం గార్నెట్‌కు రెండున్నర మిల్లీమీటర్లు చాలు. అందులో ఇట్రియం స్థానంలో కొంత బిస్మత్ చేర్చితే అర మిల్లీమీటరు లోపే పని అయిపోతుంది.

బిస్మత్ గార్నెట్‌ను కరిగిన లోహ ఆక్సైడ్ల మడుగులో మరో గార్నెట్ పలకను తిప్పుతూ, దాని మీద పొరగా పెంచుతారు. ఈ పద్ధతి 1970లలో బబుల్ మెమరీ అనే కంప్యూటర్ జ్ఞాపకశక్తి కోసం రూపొందింది. గార్నెట్ పొరలోని బుడగల్లాంటి అయస్కాంత మండలాల్లో సమాచారాన్ని దాచే ఆ మెమరీ సిలికాన్ చిప్‌ల ముందు నిలవలేకపోయింది. దాని కొలిమి మాత్రం ఐసొలేటరు తయారీదారులకు వారసత్వంగా దక్కింది. తయారైన పొరను చిన్న చిన్న ముక్కలుగా కోసి, రెండు పోలరైజర్ల నడుమ అతికి, చుట్టూ సమేరియం–కోబాల్ట్ అయస్కాంతపు ఉంగరం తొడుగుతారు. వెనక్కి వచ్చే కాంతిలో వెయ్యో వంతు కూడా లేజర్‌కు చేరదు. ఒక మైక్రాన్ దగ్గర పనిచేసే అధికశక్తి లేజర్లకు ఇనుప గార్నెట్ పనికిరాదు, కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. అక్కడ టెర్బియం గాలియం గార్నెట్‌ను వాడతారు. గురుత్వ తరంగాలను పట్టిన లైగో పరికరాల్లోని ఐసొలేటర్లూ దానితో చేసినవే.

కెర్ ప్రభావం వేరే దారిన నడిచింది. 1957లో బెల్ ప్రయోగశాలలో విలియమ్స్ బృందం పలుచని మాంగనీస్–బిస్మత్ పొర మీద వేడి మొనతో రాసి, రాతను ధ్రువిత కాంతిలో చదివింది. అయస్కాంతాన్ని క్యూరీ ఉష్ణోగ్రత దాకా వేడిచేస్తే తన అయస్కాంతత్వాన్ని కోల్పోతుంది. చల్లారేటప్పుడు పక్కనున్న క్షేత్రం ఎటు చూపితే అటు తిరిగి ఉండిపోతుంది. లేజర్ వచ్చాక ఆ మొన పని దానికి అప్పజెప్పవచ్చని తేలింది. మాంగనీస్–బిస్మత్ స్ఫటిక రేణువుల అంచులు కాంతిని చెదరగొట్టి చదవడంలో రొద పుట్టించేవి. 1973లో ఐబీఎం శాస్త్రవేత్తలు ప్రవీణ్ చౌదరి, జెరోమ్ క్యూమో, రిచర్డ్ గాంబినో రేణువులే లేని, అస్ఫటిక గడోలినియం–కోబాల్ట్ పొరలను తయారు చేశారు. వాటి అయస్కాంతీకరణ పొరకు లంబంగా నిలుస్తుంది; ముందు నుంచి పడే కాంతికి కావలసిందీ అదే. లూథియానాలో పుట్టి ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన చౌదరికీ, మిగతా ఇద్దరికీ 1995లో అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం లభించింది.

మార్కెట్లోకి వచ్చిన డిస్కుల్లో టెర్బియం–ఇనుము–కోబాల్ట్ మిశ్రమం స్థిరపడింది. టెర్బియం గాలి తగిలితే ఇట్టే పాడవుతుంది, అందుకని దాన్ని సిలికాన్ నైట్రైడ్ పొరల మధ్య మూసిపెట్టేవారు. 1988లో స్టీవ్ జాబ్స్ నెక్స్ట్ కంప్యూటర్ 256 మెగాబైట్ల అయస్కాంత–కాంతి డిస్కుతో వచ్చింది. సామర్థ్యం ఆ రోజుల్లో ఘనమే, వేగమే తక్కువ. 1992లో సోనీ తెచ్చిన మినీడిస్కు ఈ వంశంలో అందంగా కుదిరిన యంత్రం. 64 మిల్లీమీటర్ల పళ్లెంలో 74 నిమిషాల సంగీతం. కింద నుంచి లేజర్ ఒక చుక్కను 180 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తుంది, పై నుంచి అయస్కాంత శీర్షం సంకేతాన్ని బట్టి క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తుంది. చదివేటప్పుడు అదే లేజర్ బలం తగ్గించుకుని, పరావర్తన కాంతిలో డిగ్రీలో కొద్ది భాగం మాత్రమే ఉండే మలుపును పసిగడుతుంది. లక్షల సార్లు చెరిపి రాసినా చెడని ఈ పళ్లెం జపాన్‌లో బాగా అమ్ముడైంది. తర్వాత రాయగలిగే సీడీలు, ఎంపీ3 ప్లేయర్లు, ఫ్లాష్ మెమరీ వచ్చి దాని చోటు తీసుకున్నాయి. చివరి ప్లేయర్లు 2013లో, ఖాళీ డిస్కుల తయారీ 2025 ఫిబ్రవరిలో ఆగిపోయాయి.

యంత్రం పోయినా వేడితో రాయడం పోలేదు. హార్డ్ డిస్కులో బిట్లు చిన్నవయ్యేకొద్దీ వాటి అయస్కాంతత్వం గది వేడికే తారుమారయ్యే ప్రమాదం పెరిగింది. అయస్కాంతపరంగా గట్టి పదార్థం వాడితే మామూలు శీర్షం దాన్ని తిప్పలేదు. అందుకని ఇనుము–ప్లాటినం మిశ్రమపు పొరను వాడి, రాసే క్షణంలో శీర్షంలోనే ఉన్న లేజర్‌తో కొన్ని పదుల నానోమీటర్ల చుక్కను 400 డిగ్రీల పైకి వేడిచేస్తారు. 2024లో సీగేట్ ఈ పద్ధతితో 30 టెరాబైట్ల డిస్కులను విడుదల చేసింది. అయితే ఇందులో కాంతి రాయడానికే. చదివే పని విద్యుత్ నిరోధాన్ని కొలిచే శీర్షానిది, కెర్ ప్రభావానికి చోటు లేదు.

ఫారడే భ్రమణానికి కొలతల రంగంలోనూ పని ఉంది. అధిక వోల్టేజి తీగ చుట్టూ ఫైబర్‌ను చుట్టి ధ్రువిత కాంతిని పంపితే, తిరిగిన కోణం తీగలోని కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. నూనె, ఇనుప కోరు అక్కర్లేని ఈ కొలమానంలో కొలిచే మనిషికీ తీగకూ నడుమ గాజు తప్ప మరేమీ ఉండదు. విమానాల రేకుల్లో రివెట్ల దగ్గరి సన్నని పగుళ్లను గార్నెట్ పొర మీద బొమ్మగా చూపే పరికరాలూ ఉన్నాయి. నక్షత్రాల మధ్య క్షేత్రాలను కొలవడానికి పల్సార్ల రేడియో తరంగాల మలుపునే ఖగోళ శాస్త్రవేత్తలు చూస్తారు. అక్కడ గాజు స్థానంలో ఉన్నది ఎలక్ట్రాన్లు నిండిన పలుచని వాయువు.

ప్రస్తుతం చిక్కంతా సిలికాన్ చిప్ దగ్గర ఉంది. కాంతి మార్గాలు, మాడ్యులేటర్లు, డిటెక్టర్లు ఒకే చిప్ మీదికి వచ్చేశాయి గానీ ఐసొలేటరు రాలేదు. గార్నెట్ స్ఫటికపు అమరిక సిలికాన్ అమరికతో పొసగదు. గార్నెట్‌ను పెంచేందుకు కావలసిన వేడిని చిప్‌లోని మిగతా భాగాలు తట్టుకోవు. సీరియం కలిపిన గార్నెట్‌ను విడిగా పెంచి సిలికాన్‌కు అతికించే పద్ధతిపై జపాన్, అమెరికా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. అయస్కాంతం లేకుండానే, వక్రీభవన గుణకాన్ని కాలంతోపాటు మారుస్తూ కాంతిని ఒకవైపే పంపే ప్రయత్నాలూ సాగుతున్నాయి. ప్రస్తుతానికి కాంతి చిప్‌ల పెట్టెల్లో ఐసొలేటరును లేజర్ పక్కన విడి భాగంగా, గార్నెట్ ముక్కతోనే అమరుస్తున్నారు.