చేప ఎదుగుదల – పరాన్నజీవులు, విషజలములు

మన దుబల్గుండి యున్న బీదరు జిల్లాలో కారంజా నది పాఱి మంజీరలో కలియును; మంజీర గోదావరిని చేరును. ఈ నీటిని నమ్ముకొన్న బెస్తవారికి చేప తూకమే ఏటి ఫలము. ఒకే చెరువులో ఒకేనాడు విడిచిన బొచ్చె పిల్లలలో కొన్ని బలియుటకు, కొన్ని చిక్కిపోవుటకు గల కారణములలో ముఖ్యమైన రెంటిని ఇచట విచారింతము.

చేప తిన్న ఆహారమంతయు మాంసముగా మారదు. ఊపిరి తీయుటకు, ఈదుటకు, రోగమును ఎదిరించుటకు కొంత వ్యయమగును. మిగిలినదే ఎదుగుదల. వ్యయము పెరిగినచో మిగులు తగ్గును.

పరాన్నజీవులు ఈ మిగులును హరించును. ఆర్గులస్ అను చేపపేను చర్మమునకు అంటుకొని రక్తమును పీల్చును. ఆ బాధకు చేప ఒడలిని రాళ్లకు రాచుకొనును, మేత మానును. పుండ్లలో సూక్ష్మజీవులు చేరును. డాక్టిలోగైరస్ అను సన్నని పురుగు మొప్పలను పట్టి ఊపిరిని అడ్డగించును. బద్దెపురుగులు ప్రేగులలో చేరి జీర్ణమైన ఆహారమును కాజేయును.

రసాయనముల తీరు వేఱు. పొలములనుండి కొట్టుకొనివచ్చు పురుగుమందులు నరములను, మొప్పలను దెబ్బతీయును. మురుగు కుళ్లినపుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి, అమ్మోనియా పెరుగును. చేపను చంపజాలనంత స్వల్ప విషము సైతము దాని వ్యయమును హెచ్చించును.

దీనికి నిదర్శనము దూరమున లేదు. మంజీరలో కలియు నక్కవాగు పటాన్‌చెరు కర్మాగారముల మురుగును మోసినది. 1990లో ఆ ప్రాంతపు కాలుష్యముపై సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. అచట మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము కలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొన్న రోగి రక్తములో నుండు మోతాదుకంటె ఇది మిక్కిలి.

ఈ రెండు శత్రువులును ఒండొంటికి తోడగును. విషముచే బలహీనమైన చేపను పురుగులు సులభముగా పట్టును. పేనును చంపుటకు వాడు డెల్టామెత్రిన్ వంటి మందు మోతాదు మించిన, చేపకే విషమగును. మందే రెండవ రోగమగుట ఇట్లు.

కావున మందుకంటె ముందుజాగ్రత్త మేలు. పేను తన గ్రుడ్లను నీటిలోని కఱ్ఱలపైనను, రాళ్లపైనను పెట్టును. చెరువులో చెక్కపలకలు నిలిపి, కొన్ని దినములకొకమారు పైకితీసి ఎండబెట్టినచో గ్రుడ్లు నశించును. పిల్లలను కిక్కిరియ విడువరాదు. పురుగుమందు డబ్బాలను చెరువులో కడుగరాదు.

విద్యార్థులారా! ఈ కడపటి మాటను మీ ఇండ్లలో చెప్పుడు. డబ్బా కడిగిన నీరు మన గట్టుకడనే ఆగదు. దిగువ ఊరి వల వఱకు పోవును.