అద్దాల మేడ – పడమటి ఎండ

హైటెక్ సిటీ అనగానే మనకు గుర్తొచ్చేవి అద్దాల బిల్డింగులే. 1998లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం గుట్టల మధ్య అద్దాల మేడలు వరసగా లేచాయి. ప్లేస్‌మెంట్ వస్తే మనలో చాలామంది కూర్చునేది వాటిల్లోనే. మరి మే నెల ఎండలో ఆ అద్దం ఏం చేస్తుందో చూద్దామా?

మామూలు అద్దం ఎండను సులువుగా లోపలికి వదులుతుంది. ఆ ఎండకు నేల, టేబుళ్లు వేడెక్కి పరారుణ కిరణాలు వదులుతాయి. వాటిని మాత్రం నేరుగా బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలు ఎత్తి ఆపిన కారులో ఉక్కపోసేది అందుకే.

అద్దం మీద పడ్డ ఎండ వేడిలో ఎన్నో వంతు లోపలికొస్తుందో చెప్పే అంకెను ఎస్‌హెచ్‌జీసీ అంటారు. మామూలు అద్దానికి అది 0.8 దాకా ఉంటుంది. 2017 నాటి జాతీయ ఇంధన పొదుపు భవన నియమావళి ప్రకారం మన వాతావరణంలో ఉత్తరం తప్ప మిగతా దిక్కులకు 0.27 మించకూడదు. గోడలో అద్దం వాటా 40 శాతం దాటకూడదు.

చిన్న లెక్క వేద్దాం. పడమటి వైపు 100 చదరపు మీటర్ల అద్దం ఉంది. చదరపు మీటరుకి 600 వాట్ల ఎండ పడుతోంది అనుకుందాం. మామూలు అద్దమైతే 48 కిలోవాట్ల వేడి లోపలికొస్తుంది. 0.27 అద్దమైతే దాదాపు 16. ఒక టన్ను ఏసీ తోడేసేది 3.5 కిలోవాట్లు. అంటే ఒకదానికి 14 టన్నులు కావాలి, ఇంకోదానికి 5 చాలు!

ఆ ఏసీలకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? గ్రిడ్ నుంచి. ఆ గ్రిడ్‌కి కరెంటు ఇచ్చేవాటిలో మన పక్కనున్న పాల్వంచ థర్మల్ కేంద్రం ఒకటి. అక్కడ కాలేది సింగరేణి బొగ్గు. అక్కడి మేడ చల్లబడాలంటే ఇక్కడి గని తవ్వాలన్నమాట.

దీనికి దారి లేకపోలేదు. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన హైదరాబాద్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో జాలీ గోడలు, గాలి గోపురాలు, నడుమ వాకిలి ఉన్నాయి. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం అదే. మన పెంకుటిళ్ల వసారా చేసే పనీ అదే కదా: వేడి లోపలికొచ్చాక తోడెయ్యటం కాదు, గడప బయటే ఆపెయ్యటం.

ఇప్పుడు తల్లాడ లాంటి ఊళ్లలో కూడా షాపుల ముందు అద్దాలు బిగిస్తున్నారు. మీకు తెలిసినవాళ్లెవరైనా బిగిస్తుంటే రెండే రెండు అడగండి: అది ఏ దిక్కుకి? దాని ఎస్‌హెచ్‌జీసీ ఎంత?