డొక్కలోంచి వెన్నుకు దారి

ఒరే నాన్నా, నడుం ఆపరేషన్ డొక్కలోంచి చేస్తారని ఎక్కడో విన్నప్పట్నుంచీ మీ పెదనాన్న తనకూ అదే కావాలంటున్నాడు. వెన్ను వీపున ఉంటే పక్కన కోయడమేంటని నువ్వడుగుతున్నావు. చెబుతా విను.

రెండు పూసల మధ్య డిస్కు అరిగి, పూస జారి, నరం నలుగుతుంటే, మందులకీ వ్యాయామాలకీ లొంగనప్పుడు ఆ రెండు పూసలనీ ఒకే ఎముకగా అతికిస్తారు. 1911లో న్యూయార్కులో ఆల్బీ, హిబ్స్ అనే డాక్టర్లు ఎవరికి వారే ఈ పని మొదలెట్టారు. అప్పట్లో అది క్షయ పట్టిన వెన్ను కోసం. వీపు వైపు నుంచి వెళితే నడుముని నిలబెట్టే కండరాలని ఎముక నుంచి ఒలవాలి. డొక్కలోంచి పోవడమంటే పైరు తొక్కకుండా గట్టు మీంచి చేలోకి దిగడమే. ఈ దారి వేసినవాడు బ్రెజిల్ డాక్టరు లూయిజ్ పిమెంటా. 2006లో ఆయనా అమెరికా సహచరులూ కలిసి దీన్ని వైద్య పత్రికలో వివరించారు.

మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, పక్కటెముకలకీ తుంటికీ మధ్య చిన్న గాటు పెడతారు. పేగులున్న సంచిని ముందుకి జరిపి, సోయాస్ అనే లావుపాటి కండరంలోంచి గొట్టం దింపుతారు. గండమంతా అక్కడే! తొడకు పోయే నరాలు ఆ కండరంలోనే అల్లుకుని ఉంటాయి. అందుకే గొట్టం మొనలో సన్నగా కరెంటు పంపి చూస్తారు. నరం దగ్గరైతే కాలి కండరం ఉలిక్కిపడుతుంది, అది తెర మీద కనిపిస్తుంది. కండరాల్ని సడలించే మందు ఆ సమయానికి పనిచేస్తూ ఉండకూడదు, లేకపోతే నరం పలకదు. ఇంత జాగ్రత్త పడ్డా కొందరికి కొన్నాళ్ళు తొడ తిమ్మిరెక్కుతుంది, కాలు ఎత్తడం కష్టమవుతుంది.

డిస్కు తీసేసి, ఎముక పొడి కూరిన, కేజ్ అనే వెడల్పాటి బోలు దిమ్మ పెడతారు. అది పూస గట్టి అంచుల మీద రెండువైపులా ఆనుతుంది. చాలామందికి వీపు వైపు నుంచి స్క్రూలు కూడా బిగిస్తారు. అతుక్కోవాల్సింది మాత్రం ఎముకే, దానికి నెలలు పడుతుంది.

అడక్కుండానే అతుక్కునే వెన్నులూ ఉన్నాయిరా. మన గరికపాడు దాటి కోదాడ మీదుగా నల్గొండ వైపు వెళితే ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుం బిగుసుకుపోయినవాళ్ళు ఎందరో. 1937లోనే షార్ట్ బృందం నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బుని గుర్తించి రాసింది. వాళ్ళ వెన్నుకి అతికించే పనే లేదు. నరాలు నలిగితే ఆ ఒత్తిడి తీయడమే కావాలి.

ఇక మీ పెదనాన్న సంగతి. ఫిల్ములో నొక్కుకుపోయింది అట్టడుగు డిస్కు, నడుం ఐదో పూసకీ దాని కిందుండే త్రికాస్థికీ మధ్యది. అక్కడికి పక్కనుంచి పోదామంటే తుంటి ఎముక అడ్డం. కాబట్టి ఆయనకి వీపు నుంచో పొట్ట నుంచో మరో దారి చూడాలి, అదీ డాక్టరు గారు ఆపరేషన్ తప్పదంటేనే. ఏ దారైనా ముందు బీడీ మానమను, పొగ ఎముకని సరిగా అతుక్కోనివ్వదు.