పద్మినితో పెళ్ళిచూపులు

పద్మిని అనగానే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తిరువాన్కూరు సోదరీమణుల్లో ఒకరైన నాట్యతార గుర్తుకు రావచ్చు. నేను చెప్పబోయే పద్మిని నాట్యం చెయ్యదు. ఆ మాటకొస్తే పన్నెండేళ్ళుగా కదలనే లేదు! చీమకుర్తి శివార్లలో, పొగాకు కాల్చడం ఎప్పుడో మానేసిన ఒక బ్యారన్ పక్కన, రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. దాన్ని కొనాలా వద్దా అని మూడు వారాలు నిద్ర పట్టక దొర్లిన నా గొడవే ఈ కథ.

పూర్తి పేరు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ కంపెనీ నమూనాతో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిన కారు. 1964లో ‘ఫియట్ 1100 డిలైట్’గా వచ్చి, 1974 నుంచి పద్మిని అయింది. చిత్తోడ్ రాణి పద్మిని పేరు పెట్టారని చెబుతారు. మన చిత్తూరు కాదు సుమండీ, రాజస్థాన్‌లోది! 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. పేరు ఎన్నిసార్లు మార్చినా మన జనం నోట మాత్రం అది చివరిదాకా ‘ఫియట్టు కారే’.

ఇప్పుడు షెడ్డులో వున్నది 1981 మోడల్. ఒకప్పుడు మీగడరంగు. ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే తడిగుడ్డ కావాలి.

వెండితెర పెట్టిన చిచ్చు

ఈ పిచ్చి నాకెలా పట్టిందని అడుగుతారా? ఇంకెలా, సినిమాల వల్లే! 1961లో వచ్చిన రామారావుగారి ‘టాక్సీ రాముడు’ పేరు వింటేనే నాకు స్టీరింగు గుర్తొచ్చేది. 1958లో వచ్చిన హిందీ చిత్రం ‘చల్తీ కా నామ్ గాడీ’లో అశోక్ కుమార్, కిశోర్ కుమార్, అనూప్ కుమార్‌లు ముగ్గురూ నిజజీవితంలోనూ అన్నదమ్ములే. వాళ్ళతో సమానంగా మార్కులు కొట్టేసింది 1928 మోడల్ షెవర్లే డొక్కు కారు. 2018లో మన ‘టాక్సీవాలా’ వచ్చింది. విజయ్ దేవరకొండ నడిపిన ఆ పాత కాంటెస్సా చూసి హాల్లో ఈలలు వేసిన వాళ్ళలో నేనూ వున్నాను. దెయ్యం వున్న కారు అని తెలిసి కూడా, బయటికొచ్చాక “అలాంటిది ఒకటి మనకుంటేనా!” అనుకున్నాను. అదే ఏడాది ‘మహానటి’లో ఆనాటి కార్లు వరసగా వచ్చి ఆ మంటకి పెట్రోలు పోశాయి.

ఇంకో సంగతి కూడా నా నెత్తికెక్కి కూర్చుంది. 1982లో రామారావుగారు పార్టీ పెట్టి జనంలోకి వెళ్ళినప్పుడు ఎక్కింది కొత్త బండి కాదు. పాత షెవర్లే వ్యానును మార్పించి చైతన్య రథం అన్నారు. హరికృష్ణగారు తోలారు. అంత పెద్దాయనకి పాతబండి పనికొస్తే నాబోటిగాడికి రాదా? ఇదీ నా లాజిక్కు!

అయితే ఒక్క మాట. తెరమీద కారుకి కెమెరా వున్న వైపు రంగు నిగనిగలాడితే చాలు. నడవకపోతే నలుగురు వెనకనుంచి తోస్తారు. షాటు అయిపోగానే దాని సంగతి ఇంకొకరు చూసుకుంటారు. మనింటి ముందు నిలబడ్డ కారుకి “కట్” చెప్పేవాళ్ళుండరు. ఈ జ్ఞానం నాకు తర్వాత కలిగింది.

బేరం

కారు సొంతదారు నాలుగేళ్ళ కిందట పోయారు. ఆయన భార్య, మా వీధివాళ్ళంతా పెద్దమ్మా అని పిలిచే మనిషి, తాళంచెవి చేతిలో పెట్టుకుని షెడ్డు తలుపు తీసింది.

“ఇందులోనే నాయనా, ఒంగోలు పోయి ఫస్టు షో చూసి, హోటల్లో టిఫిను తిని, అర్ధరాత్రికి ఇల్లు చేరేవాళ్ళం. పిల్లలు వెనకసీట్లో నిద్రపోయేవాళ్ళు. అరవై వేలియ్యి, తీసుకుపో. ఇనుము కొనేవాడు పాతికవేలే ఇస్తానంటున్నాడు.”

నా దగ్గర లక్షా నలభైవేలు వుంది. గ్రానైటు యార్డులో కొలతల గుమాస్తాగా పనిచేస్తూ మూడేళ్ళుగా కూడబెట్టింది. అది టాటా ఏస్ బండికి మొదటి విడత కట్టి, ఒకరి కింద పని మానేసి సొంతంగా బతకాలని దాచిన డబ్బు. ఇంట్లో అమ్మకి ఆ సంగతి తెలుసు. పద్మిని సంగతి తెలియదు.

స్నేహితులు మాత్రం ఎగదోశారు. “ఒరేయ్, బాగుచేసి పెళ్ళి ఫోటోషూట్లకి అద్దెకిస్తే ఏడాదిలో డబ్బు వెనక్కి!” అన్నారు. విన్నంతసేపూ బాగానే వుంది. కనుక్కుంటే, తెల్ల నంబరుప్లేటున్న సొంత కారుని అద్దెకు తిప్పడం చట్టం ఒప్పదట.

రాతి దగ్గర నేర్చిన పాఠం

మా వూరి రాయి మీకు తెలిసే వుంటుంది. నల్లటి ఒంటిమీద బంగారు చుక్కలుండే బ్లాక్ గెలాక్సీ. బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపులవి. చిత్రసీమకి తారలు ఎక్కడినుంచైనా రావచ్చుగానీ, రాతిలో తారలు కావాలంటే ప్రపంచం చీమకుర్తికే రావాలి! ఆ మెరుపు చూసి యార్డులో ఎవరూ దిమ్మె కొనరు. నీళ్ళు కొట్టి, ఆరేటప్పుడు చూస్తారు. పగులున్న చోట తడి సన్నగీతలా నిలిచిపోతుంది. ఆ గీత కనపడితే ఎంత మెరిసినా ధర సగానికి దిగుతుంది.

రోజూ ఆ పని చూసే నేను, కారు దగ్గరకొచ్చేసరికి ముందు గ్రిల్లునీ, గుండ్రటి లైట్లనీ చూసి మురిసిపోయాను. కాపాడింది ఒంగోలు మేస్త్రీ. డెబ్భై ఏళ్ళ మనిషి. కుర్రతనంలో ఫియట్లు తప్ప వేరే బండి ముట్టుకోనివాడు. బతిమాలి తీసుకొచ్చాను. ఆయన సంచిలోంచి తీసిన సామాను మూడే: టార్చిలైటు, స్క్రూడ్రైవరు, పాడైన స్పీకరులోంచి పీకిన అయస్కాంతం.

“అబ్బయ్యా, పైన జూసి మోసపోబాక. కిందకి దూరు” అన్నాడు.

ఇద్దరం నేలమీద పడుకుని దూరాం. ఆ అరగంటలో నేర్చుకున్నది మీకూ పనికొస్తుంది, వినండి. లారీకైతే కింద విడిగా ఛాసీ వుంటుంది, పైన బాడీ కూర్చుంటుంది. పద్మినికి అలా కాదు. బాడీయే దాని ఎముకలగూడు. తలుపుల కిందుగా రెండు వైపులా వుండే డబ్బాలాంటి రేకు, కాళ్ళకింద అడుగురేకు, వెనక కమాన్ కట్టలు బిగించే చోటు, ఇవి గట్టిగా వుంటేనే బండి. ఇంజను ఎంత పాడైనా దించి చేయించవచ్చు. ఎముకలు కరిగిపోతే మాత్రం కొత్తగా పోత పోసినంత పని.

మేస్త్రీ అయస్కాంతం పెట్టాడు. ముందు తలుపుకి టక్కున అంటుకుంది. వెనక చక్రం పైన జారి కింద పడింది. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ వుంది! స్క్రూడ్రైవరు తీసి తలుపు కింద డబ్బారేకుని మెల్లగా పొడిచాడు. అప్పడం విరిగినట్టు విరిగి, ఎర్రటి పొడి నా మొహాన రాలింది.

“ఈ బండి సముద్రం పక్కన తిరిగిందా పెద్దమ్మా?” అని లోపల్నుంచే అడిగాడు.

“కొత్తపట్నం వైపు రొయ్యలచెరువులుండేవి. రోజూ పోయొచ్చేవారు.”

అదీ సంగతి! ఇనుముకి గాలీ తేమా చాలు తుప్పు పట్టడానికి. ఉప్పు తోడైతే మరీ వేగం. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంచేత లోపల్నుంచి పెయింటుని పొక్కులా లేపుతుంది. పొక్కు చిన్నదే కదా అని పైన రంగు వేస్తే లోపల పని ఆగదు. కారు భద్రంగా వుండాలని కప్పిన ఆ టార్పాలినే తేమని బయటికి పోనివ్వకుండా పట్టి వుంచింది పాపం.

ఇంజను మాత్రం ఆశ్చర్యపరిచింది. ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చేత్తో తిప్పితే తిరిగింది. నా గుండె కూడా దాంతోపాటే తిరిగిందనుకోండి! “తిరిగింది గదాని స్టార్టు చెయ్యబాక. ట్యాంకులో పెట్రోలు బంకైపోయుంటది. బ్రేకులు పట్టవు. ముందు ఆగడం జూసుకో, తర్వాత కదలడం” అన్నాడు మేస్త్రీ. ఇంకో చిక్కు కూడా చెప్పాడు. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో పుట్టినవి. అది మనదేశంలో 2000లోనే ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలకీ, కార్బ్యురేటరు వాషర్లకీ అది పడదు. అన్నీ మార్చాల్సిందే.

లెక్కల కాగితం

సిగరెట్టు పెట్టె చించి మేస్త్రీ లెక్క రాశాడు. రేకుపనీ రంగూ లక్షా యాభైవేలు. ఇంజను యాభైవేలు. బ్రేకులు, టైర్లు, రబ్బర్లు నలభైఐదువేలు. సీట్లూ లోపలి గుడ్డా ముప్ఫైవేలు. వెరసి రెండు లక్షల డెబ్భైఐదువేలు. పెద్దమ్మకిచ్చే అరవైవేలు అదనం. “ఇది ఇయ్యాల్టి లెక్క. రేకు విప్పినాక ఇంకెంత బయటపడుద్దో ఆ దేవుడికే తెలవాలి” అని కింద గీత గీశాడు.

కాగితాల సంగతి వేరే. ఆర్సీ పోయినాయన పేరుమీదే వుంది. వారసుల పేరుకి మార్చడానికి 31వ నంబరు ఫారం పెట్టాలి. పెద్దమ్మ కొడుకుల్లో ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. సొంత కారుకి మొదటి పదిహేనేళ్ళ తర్వాత అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించాలి. ఇరవయ్యేళ్ళు దాటిన కారుకి ఆ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం పదివేలు చేసింది. “వింటేజి అనిపించుకుంటే సరిపోదా?” అన్నాను. 2021లో వచ్చిన రూల్సు ప్రకారం వింటేజి కావాలంటే యాభయ్యేళ్ళు నిండాలి, అసలు రూపు మారకూడదు, కొత్తగా రిజిస్ట్రేషనుకి ఇరవైవేలు కట్టాలి. అప్పుడు కూడా ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. మన 1981 అమ్మాయికి యాభై నిండాలంటే 2031 రావాలి!

బొంబాయిలో నలుపూ పసుపూ పద్మిని టాక్సీలు ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు. అక్కడ టాక్సీకి ఇరవయ్యేళ్ళే ఆయుష్షు. 2023 అక్టోబరు 30 నుంచి ఒక్క పద్మిని టాక్సీ కూడా లేదు.

తెరమీద చూసిన జవాబు

ఆ రాత్రి ఋత్విక్ ఘటక్ తీసిన బెంగాలీ చిత్రం ‘అజాంత్రిక్’ చూశాను. 1958 నాటిది. బిమల్ అనే డ్రైవరుకి జగద్దల్ అనే పాత షెవర్లే టాక్సీయే సర్వస్వం. అందరూ నవ్వినా వదలడు. చివరికి వున్న డబ్బంతా పోసి బాగుచేయిస్తాడు. అది నడవదు. పాత ఇనుము వ్యాపారి తూకానికి పట్టుకుపోతాడు. ఆఖర్న ఒక పసివాడి చేతిలో దాని హారను మోగుతుంటే, ఏడుస్తున్న బిమల్ నవ్వుతాడు.

నేనూ ఏడ్చాను. కానీ ఏడుస్తూనే ఒక తేడా కనిపెట్టాను. బిమల్‌కి ఆ కారు అన్నం పెట్టింది. పదిహేనేళ్ళు కలిసి బతికారు. నాకూ పద్మినికీ పరిచయం మూడు వారాలు! నేను ప్రేమించింది ఆ కారునా, దాన్ని తోలుతూ సినిమా హీరోలా కనపడే నన్నా? నిజం చెప్పాలంటే రెండోదే. రేకు కోసే పని, వెల్డింగు పని, ఆదివారాలన్నీ గ్రీజులో గడపడం, ఇవి ఇష్టమై చేసేవాడికి ఆ మూడు లక్షలు ఖర్చు కాదు, సరదా. నాకు ఒక్క వెల్డింగు రాడ్డు పట్టుకోవడం రాదు. ప్రతి పనికీ ఇంకొకరికి కూలివ్వాలి. సగంలో డబ్బైపోతే విప్పిన కారు మళ్ళీ అదే షెడ్డులో, ఈసారి నా పేరుమీద!

పొద్దున్నే వెళ్ళి “నా వల్ల కాదు పెద్దమ్మా” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. “గురువారం ఇనుపాయన వస్తాడులే” అంది. ఆ మాట మాత్రం గుచ్చుకుంది.

మేస్త్రీకి ఫోను చేశాను. “గ్రిల్లు, అద్దాలు, లైట్లు, తలుపులు, ఇంజను, అన్నీ బాగానే వున్నాయి గదా మేస్త్రీ? కొత్తవి దొరకనివి అవే కదా?” అన్నాను. ఆయన నవ్వాడు. గుంటూరులో ఒకాయన తన తండ్రి పద్మినిని బాగుచేయించుకుంటూ ఇవే సామాన్లకోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడట. ఆయన వచ్చాడు, చూశాడు, నలభైరెండువేలిచ్చాడు. బండి విడదీస్తే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్ట్రేషను ఆఫీసుకి చెప్పాలని చట్టం. ఆ దరఖాస్తు పెద్దమ్మకి నేనే రాసిపెట్టాను.

లారీమీద ఎక్కిస్తుంటే పెద్దమ్మ షెడ్డు దగ్గరే నిలబడింది. అన్నీ ఇచ్చింది, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. వాళ్ళూ అడగలేదు.

నా లక్షా నలభైవేలు బ్యాంకులోనే వుంది. వచ్చేనెల ఏస్ బండి సంగతి తేలుతుంది. పద్మిని మీద మనసు చచ్చిందనుకోకండి! అడుగురేకు గట్టిగా వున్నది ఎక్కడైనా కనపడితే మళ్ళీ పెళ్ళిచూపులకి వెళ్తాను. ఈసారి వెల్డింగు నేర్చుకుని మరీ. మీకెవరికైనా మీ వూళ్ళో పాత షెడ్డులోంచి గుండ్రటి హెడ్‌లైట్లు కన్నుకొడితే, కాస్త ఆగండి. జేబులో టార్చిలైటు వుంటే ముందు కిందకి దూరండి.